గురకలో వంతు

జులై నెలలో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా ఎడారి ఊరు తిమ్లాన్‌లో మేక కూడా కదలదు. అలాంటిది ఆ సోమవారం ఒంటిగంటన్నరకి జైనాబీ ల్యాబ్ కిటికీలోంచి చూస్తే వీధిలో పదకొండు మంది నడుస్తున్నారు. ఒకాయన గోడ దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, ఏదో మరిచిపోయినవాడిలా మళ్లీ గోడ దాకా వెళ్తున్నాడు. ఇద్దరు ఆడవాళ్ల చేతుల్లో చెరో బుట్ట ఉంది, బుట్టల్లో ఏమీ లేదు. బయట నలభై ఏడు డిగ్రీలు.

లెక్కపెట్టడం అయ్యాక ఆమె ఇంకొకటి గమనించింది. తనూ కూర్చుని లేదు. పదకొండింటి నుంచీ టేబుల్ దగ్గర్నుంచి తలుపు దాకా, తలుపు దగ్గర్నుంచి టేబుల్ దాకా కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. మూడు వారాలుగా ఇంతే. కాఫీ ఎక్కువైందనుకుని మానేసింది. కాంట్రాక్టు అయిపోవస్తోందన్న దిగులేమో అనుకుంది. ఊరంతటికీ ఒకేసారి కాంట్రాక్టు అయిపోదు కదా అని ఇప్పుడు తట్టింది.

ల్యాబ్ అంటే గొప్పగా ఊహించుకోనక్కర్లేదు. ఓడల మీద సరుకు మోసే ఇనప పెట్టెకి కిటికీ కోసి ఏసీ బిగించారు. ఆ ఏసీ చక్కగా పనిచేసేది జనవరిలో. పెట్టె పక్కనే భూమిలోకి దించిన ఉక్కు గొట్టం ఉంది. గొట్టం అడుగున డోలు మూతంత పళ్లెం సెకనుకు ఏడుసార్లు కొట్టుకుంటుంది. చెవికి వినపడదు. ప్రాజెక్టు కాగితాల్లో దానికి చాంతాడంత పేరుంది. జైనాబీ దాన్ని 'గురక' అనేది. ఆ పేరే అందరికీ అలవాటైపోయింది.

అల్జీరియా ఎడారి కింద రాతి సందుల్లో వేల ఏళ్ల నాటి నీళ్లున్నాయి. పంపు పెడితే రావు, రాయి వదలదు. మడకశిర దగ్గర ఎండిన బోర్ల చుట్టూ సగం జీవితం తిరిగిన తిప్పేస్వామి సార్‌కి ఒక ఆలోచన వచ్చింది. రాయిని పిండకూడదు, మోగించాలి. ఆయన ఇంటర్వ్యూలో ఆ మాట చెప్పగానే జైనాబీకి తన తాత గుర్తొచ్చాడు. వాళ్లది ధర్మవరం దగ్గర దూదేకుల కుటుంబం. తాత విల్లు మోగిస్తే అణిగిపోయిన పాత పరుపు దూది దానంతటదే విచ్చుకునేది. అదేనా సార్ అని అడిగింది. ఆయన ఇంకో ప్రశ్న వెయ్యకుండా ఉద్యోగం ఇచ్చేశాడు.

నిజంగానే రాయి విచ్చుకుంది. ఊరికి ఆధారమైన ఫొగ్గారాలో, అంటే దూరపు గుట్ట అడుగు నుంచి ఇళ్ల కిందుగా ఖర్జూర తోటల దాకా వాలుగా తవ్విన సొరంగంలో, నీటిమట్టం మొదటి వారంలోనే నాలుగు వేళ్లు పెరిగింది. ముప్పై ఏళ్లలో అది పెరగడం అదే మొదలు. ఆరోజు ఆడవాళ్లు ల్యాబ్ ముందుకొచ్చి డప్పు వాయించి వెళ్లారు. గురకకి ఎండ కరెంటే ఆధారం. ఆ వేడికి బ్యాటరీలు ఉబ్బిపోతాయి కాబట్టి పెట్టలేదు, ఎండ గట్టిగా ఉండే పదకొండు నుంచి నాలుగు దాకానే నడిపేవారు. సరిగ్గా ఊరు పడుకునే వేళ. దాన్ని అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు.

కిటికీ బయట పదకొండో మనిషిని జైనాబీ మళ్లీ చూసింది. లల్లా జోహ్రా. ఊరి నీరుగంటి బల్ఖేర్ భార్య. మోకాళ్ల నొప్పులతో గడప దాటడానికే నలుగురిని పిలిచే మనిషి, తలమీద గుడ్డ కూడా లేకుండా, చివరి గోడ దాటి ఇసుకలోకి నడుస్తోంది.

జైనాబీ పరుగెత్తింది. ఆమె చేరేసరికి లల్లా జోహ్రా ఎండిపోయిన ఖర్జూర చెట్టు మొదట్లో పడి ఉంది. ఒళ్లు పెనంలా కాలుతోంది. ఎక్కడికి బయల్దేరారు అని అడిగితే, తెలీదు బింతీ, కాళ్లే తీసుకొచ్చాయి అంది. బింతీ అంటే వాళ్ల భాషలో 'నా కూతురా' అని. ఆమె కొడుకు యాహ్యా పికప్ బండిలో వేసుకుని పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లాడు. వెళ్తూ జైనాబీ వైపు చూసిన చూపులో తిట్టు లేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది. ఆమె ల్యాబ్‌కి తిరిగొచ్చి గురక స్విచ్చు ఆపేసింది.

పావుగంటలో ఫోను మోగింది. తిప్పేస్వామి సార్ ఉండేది ముప్పై కిలోమీటర్ల అవతల పట్నం హోటల్లో.

"ఏం మే, గ్రాఫు పండుకోనుంది?"

"నేనే ఆపినా సార్."

"ఎవర్నడిగి ఆపినావ్?"

"అడిగేంత టైం లేదు సార్. లల్లా జోహ్రా ఎండకి పడిపోయింది. మూడు వారాల్నుంచి ఊర్లో ఎవురూ మధ్యాన్నం పండుకోలేకుండా ఉండారు."

"ఎండకి పడిపోతే గురకేం చేస్తాది పాపా? అంత ఎండలో ఆయమ్మ బయటికెందుకొచ్చింది?"

"నేనూ అదే అడుగుతాండా సార్. ఎందుకొచ్చింది?"

ఆయన ఆమెకి తెలిసిందే మళ్లీ చెప్పాడు. మోగించడం ఆపితే రాయి మళ్లీ బిగుసుకుంటుంది. వారం దాటిందంటే ఇక విచ్చుకోదు. ఇక్కడ ఫలితం చూసి ఇలాంటివే ఇంకో నలభై ఊళ్లు తమ వంతు కోసం ఎదురుచూస్తున్నాయి. నీళ్లా, నిద్రా అని ఎడారివాళ్లని అడిగితే ఏమంటారో నీకు తెలుసు కదా అని ఫోన్ పెట్టేశాడు. తెలుసనే జైనాబీ కూడా అనుకుంది.

మంగళవారం యాహ్యా ఆసుపత్రి నుంచి వచ్చాడు. అమ్మకి ప్రాణానికి భయం లేదని, గురువారం పంపిస్తారని చెప్పాడు. చెబుతూనే ఇంట్లోని మంచాలు విప్పడం మొదలుపెట్టాడు. గురక ఆపారన్న మాట అతనికి చేరింది, కానీ తాత్కాలికమని కూడా చేరింది. శుక్రవారం నమాజు అయ్యాక భార్యనీ, ముగ్గురు పిల్లల్నీ, అమ్మానాన్నలనీ తీసుకుని పట్నం వెళ్లిపోతానన్నాడు. అంతకుముందే నాలుగు కుటుంబాలు వెళ్లిపోయాయి. నీళ్లు లేని ముప్పై ఏళ్లూ అంటిపెట్టుకుని ఉన్న మనుషులు, నీళ్లొచ్చిన మూడు వారాలకి కదిలిపోతున్నారు.

ఆ ఇంటి పెద్ద బల్ఖేర్ మాత్రం గోడకి ఆనుకుని తన రాగి రేకు తుడుచుకుంటున్నాడు. పళ్లెమంత రేకు. దానినిండా చిన్నాపెద్దా చిల్లులు. ఫొగ్గారా నీళ్లు ఊరి మొదట్లో బయటపడే చోట ఆ రేకు అడ్డంపెట్టి, తడి మట్టితో కొన్ని చిల్లులు మూసి, కొన్ని వదిలి, ఏ ఇంటి తోటకి ఎంత ధార అనేది ఆయన తేలుస్తాడు. వాళ్ల నాన్న, తాత చేసిందీ అదే. తన భార్యని ఎండలోకి నడిపించింది జైనాబీ యంత్రమే అని ఆయనకీ తెలుసు. అయినా ఆమె వస్తే టీ పెట్టించాడు. ఇక్కడ టీ అంటే వరసగా మూడు గ్లాసులు. మధ్యలో లేస్తే మర్యాద కాదు. గత మూడు వారాల్లో ఆ ఊళ్లో మూడో గ్లాసు దాకా ఎవరూ కూర్చోలేకపోయారు.

పావుగంట సేపు గురకని నడిపి చూస్తానని జైనాబీ ఆయన అనుమతి అడిగింది. ఫోన్లోంచే ఆన్ చేసింది. నిండు టీ గ్లాసు నేలమీద పెట్టి, ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి టీ మీద సన్నని వలయాలు లేచాయి. మధ్యలోంచి అంచుకి, అంచులోంచి మధ్యకి. గ్లాసు పట్టుకుని ఆమె ఇంటింటికీ తిరిగింది. కొన్నిచోట్ల టీ కదల్లేదు. కొన్నిచోట్ల ఒలికిపోయేలా ఉంది. ఒలికిన చోట్లన్నీ మనసులో కలుపుకుంటే గీత గీసినట్టు వంపు తిరిగిన దారి. ఆ దారి ఆమెకి తెలుసు. అది పాత ఫొగ్గారా. తాతల కాలంలో ఎండిపోయిన ఇంకో సొరంగం. గురక ఆ సొరంగాన్ని ఊరు కిందుగా పిల్లనగ్రోవిలా ఊదుతోంది. చెవికి అందని ఆ ఊదుడే మనుషుల్ని కూర్చోనివ్వడం లేదు.

"అది ఇసుకతో నిండిపోయి ఉండాలి కదా," అంది తిరిగొచ్చి.

"నిండిందని నీకెవరు చెప్పారు బింతీ?"

"చచ్చిపోయిన ఫొగ్గారా అన్నారు మీరు."

"చచ్చిపోయింది అన్నాను. పూడ్చాం అన్నానా?" బల్ఖేర్ రేకు పక్కన పెట్టాడు. "మేము ఫొగ్గారాని పూడ్చం. బావి నోళ్లకి పలకరాళ్లు మూతపెట్టి మట్టి మెత్తుతాం. రేపెప్పుడైనా నీళ్లు తిరిగి రావాలనుకుంటే దారి లేదని అనిపించుకోకూడదు కదా. ఈ మాట నువ్వొచ్చిన మొదటి రోజే చెప్పాను. నువ్వు తలూపావు."

ఊపింది. అది మూడో గ్లాసు దగ్గర. ముసలాయన ఏదో మనసులోని ముచ్చట చెప్పుకుంటున్నాడనుకుంది. ఉపగ్రహం ఫోటోలో చూస్తే బావి నోళ్లు ఇసుకలో కలిసిపోయి కనిపించాయి. ఆ రాత్రే ఫారంలో 'పాత సొరంగం' అన్న గడిలో 'ఇసుకతో నిండి ఉంది' అని నింపేసింది. మిగతా లెక్కంతా ఆ మూడు మాటల మీదే కట్టింది.

బుధవారం పొద్దున్నే తిప్పేస్వామి సార్ వచ్చాడు. ఆమె దాచకుండా మొత్తం చెప్పింది. తప్పు నాది సార్, ఆ గడి నింపింది నేనే అంది. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"కింద సంతకం ఎవుర్ది మే?"

"మీది సార్."

"మా ఊర్లో గూడా పాత ఊట కాలవల్ని ఎవురూ పూడ్చరు. అడగల్ల అని నాకన్నా తోచలేదే." ఆ తర్వాత అరగంట గురక పరీక్షకని నడిచింది. ఆయన ల్యాబ్‌లో పదమూడు సార్లు అటూఇటూ తిరిగాడు. జైనాబీ లెక్కపెట్టింది కానీ పైకి చెప్పలేదు.

ఇప్పుడు పూడ్చేద్దామా అని ఆమె అడిగితే బల్ఖేర్ కాదన్నాడు. గుట్ట దగ్గర పాత సొరంగం కొత్తదానిలో కలుస్తుంది. ఇసుక పోస్తే నీళ్లున్న దానిలోకే జారుతుంది. గురక వేగం మారిస్తే రాయి వదలదు. మిగిలింది మూతలు. పిల్లనగ్రోవికి ఒక చిల్లు తెరిస్తే రాగం మారుతుంది కదా, ఏ మూతలు తెరిస్తే ఈ ఊదుడు ఆగుతుందో చూద్దామంది జైనాబీ. బల్ఖేర్ ఆరుగురిని పోగేశాడు. గడ్డపారలు, తడి మట్టి, టీ గ్లాసులు. ప్రపంచంలో ఏ ల్యాబ్‌లోనూ ఇలాంటి సామాను లిస్టు ఉండదు.

సాయంత్రం దాకా పలకరాళ్లు తీశారు, పెట్టారు. గురక ఆగలేదు. కదిలింది. మూడో మూత తెరిస్తే కమ్మరి వీధి కింద నుంచి మాయమై మసీదు వెనక వీధిలో లేచింది. అయిదో మూత తెరిస్తే అక్కడ పోయి తోట వాకిలి దగ్గర లేచింది. ఎన్ని రకాలుగా పెట్టినా ఊళ్లో ఏదో ఒకచోట టీ ఒలుకుతూనే ఉంది. అన్నిచోట్లా కొంచెం కొంచెంగా కాకుండా ఒక్కచోటే గట్టిగా చేయగలం, కానీ లేకుండా చేయలేం అని తేలింది. ఆరుసార్లు ఆరు వీధులు. ఏడోసారి, గుట్టవైపు మొదటి మూత తెరిస్తే, అది వచ్చి ల్యాబ్ కింద కూర్చుంది.

హమ్మయ్య, రోజూ ఇక్కడే పెట్టేద్దాం అంది జైనాబీ. రెండు గంటల్లోనే ఆ ముచ్చట తీరిపోయింది. ఆ మూత తీస్తే గుట్టవైపు ఇసుక సొరంగంలోకి కారుతోంది. ఒక రోజుకి కారింది ఎత్తిపోయడానికి వారం పడుతుందని బల్ఖేర్ లెక్క. వారానికి ఒక్కసారి, అంతే.

గురువారం సాయంత్రం ఊరి పెద్దలు, ఆడామగా, నీళ్లు పంచే రాతి గట్టు దగ్గర చేరారు. లల్లా జోహ్రాని అప్పుడే తీసుకొచ్చారు. దిండుకి ఆనుకుని కూర్చుని వింటోంది. తిప్పేస్వామి సార్ నిలబడి, తమ పొరపాటేంటో ఉన్నదున్నట్టు చెప్పాడు, జైనాబీ అరబ్బీలోకి తిప్పింది. మీరు ఆపమంటే రేపే ఆపేస్తాం, రాయి బిగుసుకుంటుంది, నీళ్లు పాత మట్టానికి పోతాయి అన్నాడు. ఎండిన చెట్లు ఏడు వందలు. ఈ మూడు వారాల్లో చిగురుపెట్టినవి నలభై. అందరికీ ఆ నలభై ఎక్కడెక్కడున్నాయో తెలుసు.

జైనాబీకి తాత విల్లు మళ్లీ గుర్తొచ్చింది. దూది ఏకుతుంటే ఆ మోతకి చుట్టుపక్కల చంటిపిల్లలు నిద్రపోయేవారు కాదు. అందుకని తాత ఒకే వీధిలో రెండ్రోజులు వరసగా కూర్చునేవాడు కాదు. ఆ సంగతి చెప్పి, రోజుకొక వీధి కింద గురకని ఉంచొచ్చు, ఆ రోజు ఆ వీధివాళ్లు మిగతా వీధుల్లో ఎవరింట్లోనైనా పడుకుంటే అని సగంలో ఆపేసింది. అడగడానికి సిగ్గేసింది.

బల్ఖేర్ గొంతు సవరించుకున్నాడు. "నీళ్లు వంతులేసుకుని తాగుతున్నాం. ఇదీ వంతులేసుకుందాం."

"గురకకి వంతులా?" అంది ఫట్టూమా అనే ముసలామె. "నా మొగుడి గురక ఇరవై ఏళ్లు ఒక్కదాన్నే మోశాను. అప్పుడెప్పుడూ మీరిలా కూర్చోలేదే."

నవ్వారు. మూడు వారాల్లో అంతమంది ఒకేచోట కూర్చుని నవ్వడం అదే. యాహ్యా మాత్రం నవ్వలేదు. ఆరు వీధులకి ఆరు రోజులు అన్నారు కదా, ఏడో రోజు ల్యాబ్ కింద అన్నారు కదా, ఆ రోజు వీళ్లేం చేస్తారు, మాలాగే ఎవరింటికో వచ్చి పడుకుంటారా, పట్నం హోటల్‌కి పోతారా అని అడిగాడు. జైనాబీ వైపు చూస్తూనే అడిగాడు.

"నేను ల్యాబ్‌లోనే ఉంటాను," అంది ఆమె. "పరికరాలు చూడాలి. నా వంతు నేను తీసుకుంటాను."

"కుదరదు," అన్నాడు బల్ఖేర్. ఈ ఊళ్లో నీళ్లలో వంతు లేనివాడికి ఇంకెందులోనూ వంతుండదని, కట్ట తెగినా, సొరంగం కూలినా నీళ్లు తాగేవాళ్లే దిగాలి తప్ప బయటివాళ్లని దించకూడదని, అది తాతలనాటి పద్ధతని ఆయన చాలాసేపు వివరించాడు. జైనాబీ ముఖం వేలాడేసింది. మాట పూర్తిచేసి ఆయన లేచాడు. రాగి రేకు నీళ్లకి అడ్డంపెట్టి, ఎప్పుడూ మూసే ఉండే ఒక మూల చిల్లు మీది మట్టిని గోటితో గీకాడు. చిటికెన వేలంత ధార బయటికొచ్చి ల్యాబ్ వైపు పాత కాలవలోకి మళ్లింది.

"ముందు నీళ్లు తీసుకో," అన్నాడు. "వంతు తర్వాత అడుగు."

ఆ నీళ్లతో ఏం చెయ్యాలో ఆమెకి తోచలేదు. తిప్పేస్వామి సార్ పక్కకి వంగి, చెనక్కాయలు ఏద్దాం మే, మన ఇసక మాదిరే ఉంది అన్నాడు మెల్లగా.

ఒక్క యాహ్యా మాత్రం ఏ వంతుకీ సరే అనలేదు. తను అన్న మాట మీదే ఉన్నాడు. అమ్మకి మళ్లీ ఏదైనా అయితే ఈ గట్టు దగ్గర కూర్చున్న ఎవరు జవాబు చెబుతారు అన్నాడు. ముందు జవాబు చెప్పాల్సింది ల్యాబే కాబట్టి మొదటి వంతు ల్యాబ్‌ది, శుక్రవారం అని నిర్ణయించి లేచారు.

శుక్రవారం నమాజు అయ్యింది. యాహ్యా పికప్ బండి ఇంటి ముందు నిండుగా ఉంది. మంచాలు, ఫ్రిజ్, మూటలు, పైన తాళ్లు. అమ్మని లేపడమే తరువాయి. ఆమె భోజనం చేసి ఇప్పుడే ఒరిగింది, అయిదు నిమిషాలు ఆగు అన్నాడట బల్ఖేర్. పిల్లలు బామ్మ పక్కనే పడుకున్నారు. సరే అని యాహ్యా డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు.

పదకొండు నుంచే గురక ల్యాబ్ కింద ఉంది. టేబుల్ మీద పెన్నులు దొర్లుతున్నాయి. జైనాబీ కాళ్లు ఆమె మాట వినడం ఎప్పుడో మానేశాయి. ఊరందరి వంతూ ఒక్కచోట చేరితే ఎలా ఉంటుందో ఆమెకి ఇప్పుడు తెలిసింది. చేసిన ప్రతి పనీ సగంలో వదిలి ఇంకోదాని మీదకి పొమ్మంటుంది ఒళ్లు. లోపల ఉండలేక తలకి తడిగుడ్డ చుట్టుకుని బయటికొచ్చింది. గోడ నీడలో అప్పటికే ఒక మనిషి నడుస్తున్నాడు. తలకి తువ్వాలు, చేతిలో నీళ్ల సీసా.

"మీరు హోటల్‌కి పోలేదా సార్?"

"నాకు గూడా నీళ్లిచ్చినట్టే గదా మే, ఒకే కాలవ," అన్నాడు తిప్పేస్వామి సార్, ఆగకుండానే.

ఇద్దరూ నీడ పొడవునా నడిచారు. చివరి దాకా వెళ్లి వెనక్కి. ఆయన ఒక మాట మొదలుపెట్టి, ఆపి, ఇంకో రెండు చుట్లు తిరిగాక పూర్తిచేశాడు. నలభై ఊర్లకి పంపే ఫారంలో ఒక గడి తక్కువుందట. 'కింద ఏముంది' అని అడుగుతాం కానీ 'పైన ఎవరు పడుకుంటారు' అని అడగడం లేదట. ఆ గడి ఎవరూ ఫోటో చూసి నింపకూడదట. ఊళ్లో కూర్చుని, మూడు గ్లాసులూ తాగి నింపాలట.

రెండున్నరకి ఇద్దరూ నడుస్తూ నడుస్తూ బల్ఖేర్ ఇంటి గోడ దాకా వచ్చారు. జైనాబీ అలవాటుగా వీధిలో మనుషుల్ని లెక్కపెట్టింది. ఇద్దరు. ఆ ఇద్దరూ తామే. గోడ అవతల నుంచి ఒక చప్పుడు వస్తోంది. యంత్రంది కాదు. మందంగా, తీరిగ్గా, మధ్యలో ఈల కలిపి లల్లా జోహ్రా గురక పెడుతోంది. పక్కింట్లోంచి ఇంకోటి. దానికి ఎదురింట్లోంచి, ఫట్టూమాదే అయ్యుండాలి, అందరికన్నా పైస్థాయిలో.

బండి తలుపు తెరిచే ఉంది. యాహ్యా ఒక కాలు బయటికి వేలాడేసి, నోరు తెరుచుకుని, తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని నిద్రపోతున్నాడు. ఎండ అతని మోకాలి దాకా వచ్చింది. తిప్పేస్వామి సార్ తన తువ్వాలు తీసి తలుపు మీద తెరలా వేశాడు. ఇద్దరూ మళ్లీ నడకలో పడ్డారు.

నాలుగింటికి గురక ఆగింది. జైనాబీ ఎక్కడ ఉన్నది అక్కడే నేలమీద కూలబడి, కాళ్లు రెండూ చాపి, అవి ఇంక లేవవని తేల్చుకున్నాక బండి వైపు చూసింది. సార్ అప్పటికే పక్కన కూలబడ్డాడు. యాహ్యా లేచాడు. తువ్వాలు ఎవరిదా అని అటూఇటూ చూశాడు. ఇంట్లోకి వెళ్లి వచ్చాడు. తర్వాత బండి ఎక్కి, ఒక తాడు మాత్రం విప్పి, మూటల మధ్యలోంచి గ్యాస్ స్టవ్వూ టీ కెటిలూ దింపాడు.

లోపల నుంచి ఎన్ని గ్లాసులు పెట్టమంటావని అతని భార్య అడిగింది. యాహ్యా వీధి చివర కూలబడ్డ ఇద్దరినీ చూసి, మూడేసి చొప్పున లెక్కేసుకో అన్నాడు.